మాంటెరేలో సీటొచ్చాక కోర్సు మూసేస్తే?

ప్రశ్న: మాది గుంటూరు, చాలా ఏళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కాలేజీలో ఆర్‌ఓటీసీ (చదువుతో పాటు ఇచ్చే సైనికాధికారి శిక్షణ) చేసి అమెరికన్ ఆర్మీలో చేరాడు, ఇప్పుడు స్పెషల్ ఫోర్సెస్‌లో కెప్టెన్. కాలిఫోర్నియాలో మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో ఇర్రెగ్యులర్ వార్‌ఫేర్ (గెరిల్లా తరహా యుద్ధాలు) మాస్టర్స్‌కి పంపుతామంటున్నారట. ఇలాంటి కోర్సులకు కోత పడుతుందని ఒకరు, మూయకుండా ఇక్కడి పార్లమెంటు, అదే అమెరికన్ కాంగ్రెస్, చట్టం చేస్తుందని ఇంకొకరు అంటున్నారు. చేరమందామా, ఎంబీఏ చేసుకోమందామా? హైదరాబాద్‌లో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు కూడా వచ్చి ఇదే చదవొచ్చా?

జవాబు: అమ్మా, "చట్టం చేస్తుంది" అన్న మాట దగ్గరే మీకు సగం టెన్షన్ వచ్చింది, కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. అక్కడ ఏటా ఎన్‌డీఏఏ అని రక్షణ శాఖ చట్టం ఒకటి వస్తుంది, 1961 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఏ కోర్సునైనా కాపాడాలనుకునే సభ్యులు తమ మాటను అందులోనే ఇరికిస్తారు. కానీ ఇరికించిన ప్రతి మాటకీ ఒకే బలం ఉండదు. కమిటీ నివేదికలో రాసింది చట్టం కిందికి రాదు. "కాంగ్రెస్ అభిప్రాయం ఇది" అని రాస్తే అది పెద్దమనిషి సలహా లాంటిది, వింటే వినొచ్చు లేకపోతే లేదు. "ఫలానా నివేదిక ఇచ్చేదాకా ఈ కాలేజీని మూయడానికి, తగ్గించడానికి ఒక్క డాలర్ కూడా ఖర్చు పెట్టకూడదు" అని ఉంటే పెంటగాన్, అంటే అక్కడి రక్షణ శాఖ, చేతులు నిజంగానే కట్టేసినట్టు, కాకపోతే ఆ నివేదిక ఇచ్చేశాక ముడి విప్పుకోవచ్చు. అన్నిటికన్నా గట్టిది టైటిల్ 10లోకి, అంటే సైన్యం గురించిన శాశ్వత చట్టాల సంపుటిలోకి, ఎక్కిన మాట. మాంటెరే స్కూల్ పేరు ఆ సంపుటిలో ఉంది. వాషింగ్టన్‌లోని నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీకి డిగ్రీలిచ్చే అధికారమూ అక్కడే ఉంది. ఇర్రెగ్యులర్ వార్‌ఫేర్ సెంటర్ అని 2022లో మొదలైన సంస్థ కూడా 2021 ఎన్‌డీఏఏ ఇచ్చిన అనుమతితో పుట్టిందే.

ఇంకో మెలిక ఉంది. ఎన్‌డీఏఏ అనుమతి ఇస్తుందే తప్ప డబ్బు ఇవ్వదు, డబ్బు వేరే బిల్లులో రావాలి. అందుకే బిల్డింగ్ మీద బోర్డు అలాగే ఉండి, లోపల ప్రొఫెసర్లు ఒక్కొక్కరే తగ్గిపోవడానికి ఏ చట్టమూ అడ్డు రాకపోవచ్చు.

అయితే కాంగ్రెస్‌కి ఈ గెరిల్లా యుద్ధాల చదువంటే ఎందుకింత పట్టింపు అని అడుగుతారేమో. పాత కథే. వియత్నాం అయ్యాక సైన్యం మళ్లీ యూరప్‌లో ట్యాంకుల యుద్ధం వైపు తిరిగింది, చిన్న యుద్ధాల విద్యను పక్కన పెట్టింది. 1980లో ఇరాన్‌లో బందీల కోసం వెళ్లిన ఆపరేషన్ ఎడారిలోనే కూలిపోయింది. పెంటగాన్ పెద్దలు వద్దన్నా వినకుండా 1986లో నన్–కోహెన్ సవరణతో కాంగ్రెస్సే ప్రత్యేక దళాలకు వేరే కమాండ్ పెట్టించింది. మాంటెరేలో ఈ కోర్సు ఆ తర్వాత వచ్చిందే. బిన్ లాడెన్ మీద దాడిని నడిపించిన అడ్మిరల్ మెక్‌రేవన్ 1993లో అక్కడ చదువు పూర్తి చేసినవాడే. ఇప్పుడు అందరి చూపూ చైనా మీద ఉంది కాబట్టి మళ్లీ "ఇదెందుకు" అనే మాటలు రావడం వింతేమీ కాదు. 2005లో సైనిక స్థావరాల మూసివేత కమిషన్ ఈ స్కూల్ పేరును కూడా పరిశీలనలోకి తీసుకుంది, ఆఖరికి వదిలేసింది.

సరే, ఇదంతా స్కూల్ గొడవ. మీ అబ్బాయి చూసుకోవాల్సింది వేరే. మధ్యలో కోర్సు ఆగిపోతే ఏంటనేది మీ అసలు భయం కదా, దానికి చట్టం కన్నా అక్రెడిటేషన్, అంటే విద్యాసంస్థకిచ్చే గుర్తింపు, దగ్గరి తోడు. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ ఒక కోర్సు ఎత్తేస్తే అప్పటికే చేరినవాళ్లు పూర్తి చేసే దారి చూపించాలి, గుర్తింపు ఇచ్చే సంస్థలు అది అడుగుతాయి. చేతికొచ్చిన డిగ్రీని ఎవరూ వెనక్కి తీసుకోరు. నాకైతే ఇంకో కాగితం గురించే ఎక్కువ పట్టింపు: సర్వీస్ బాండ్. ఇలా సైన్యం ఖర్చుతో చదివితే చదివిన ప్రతి రోజుకీ మూడు రోజుల ఉద్యోగం రాయించుకోవడం ఆర్మీ పద్ధతి, పద్దెనిమిది నెలల కోర్సంటే నాలుగున్నరేళ్లు. సంతకం పెట్టేముందు ఆ అంకె తన కళ్లతో చదువుకోమనండి. చదువయ్యాక ఏ పోస్టులో వేస్తారు, మేజర్ స్థాయిలో చేయాల్సిన స్టాఫ్ కాలేజీ చదువులో ఇది లెక్కకొస్తుందా అని కెరీర్ మేనేజర్‌ని మెయిల్‌లోనే అడగాలి. ఫోన్‌లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

సైన్యంలో ఇంకో పదేళ్లు ఉందామనుకుంటే కళ్లు మూసుకుని మాంటెరే వెళ్లమనండి. రెండు మూడేళ్లలో బయటికి వచ్చేయాలని మనసులో ఉంటే మాత్రం వద్దు, ఆ బాండ్ మెడకు చుట్టుకుంటుంది, అప్పుడు బయటికొచ్చి జీఐ బిల్లు (సైన్యంలో పనిచేసినవాళ్ల చదువు ఖర్చు భరించే పథకం) డబ్బుతో ఎంబీఏ చేసుకోవడమే మేలు. ఆ మనసులో మాట మీకు తెలుసా అన్నది నా అనుమానం. ఈ ఉత్తరం మీరు రాశారు, అతను రాయలేదు.

ఇక మీ మేనల్లుడు. స్టూడెంట్ వీసా మీద వచ్చి చేరే బడి కాదమ్మా అది, సైనిక అధికారులకూ, అక్కడి ప్రభుత్వ రక్షణ ఉద్యోగులకూ ఉద్దేశించింది. విదేశీ అధికారులు ఉంటారు గానీ వాళ్ల ప్రభుత్వాలు పంపితేనే. మన దగ్గరా ఇలాంటిది ఒకటి రావాల్సింది, ఇండియన్ నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీకి 2013లో గురుగ్రామ్ దగ్గర బినోలాలో పునాదిరాయి వేశారు, పార్లమెంటులో చట్టం లేక అది రాయి దగ్గరే నిలిచిపోయింది. ఉన్నంతలో సికింద్రాబాద్ కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ లాంటివి ఉన్నాయి, అవీ ఆఫీసరయ్యాకే. కుర్రాడికి నిజంగా ఆసక్తి ఉంటే సైనికాధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ పరీక్ష ఏటా రెండుసార్లు వస్తుంది, ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు, ఇంగ్లిష్, జీకే, లెక్కలు ఇప్పటినుంచే పట్టుకోమనండి.