మోడల్ రైల్వే పత్రిక 300వ సంచిక కోసం ఇంత ఎదురుచూపు ఎందుకు? ఇప్పుడు చందా కట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. అసలు రైళ్లను చిన్న సైజులో కట్టుకునే మోడల్ రైల్వే అభిరుచి మీద మీరు నాలుగేళ్లుగా చదువుతున్న పత్రిక 300వ సంచికకు చేరుకుంది. వస్తుందన్న తేదీ దాటి రెండు నెలలైంది. తోటి అభిమానులది రోజూ అదే మాట, అదే టెన్షన్. అంకె కోసం ఇంత ఆరాటం ఎందుకు, ఈ సంచికతో పత్రిక ఆగిపోతుందన్న మాట నిజమేనా, ఈ సమయంలో చందా కట్టడం మంచిదేనా అని అడిగారు.

నేను ఇలాంటి మరో చిన్న పత్రిక 200వ సంచిక కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. తర్వాత అదే పత్రికకు ఒక వ్యాసం కూడా రాశాను. కాబట్టి బయట నుంచీ లోపలి నుంచీ కొంత చూశాను.

చందా సంగతి ముందు చెప్పేస్తాను. చందా కాలం నెలల్లో లెక్కిస్తున్నారా, సంచికల్లో లెక్కిస్తున్నారా అన్నది ఒక్కటి కనుక్కోండి. "ఎనిమిది సంచికలకు" అని ఉంటే ఆలస్యమైనా మీకు రావాల్సినవి మీకు వస్తాయి, నిశ్చింతగా కట్టండి. "ఏడాదికి" అని ఉంటే ఆలస్యమైన సంచిక లెక్కలోకి వస్తుందో రాదో ఒక ఉత్తరం రాసి అడగండి. చందా వద్దనుకుంటే కనీసం ఆ ఒక్క సంచికకైనా ముందే చెప్పి ఉంచండి. చిన్న పత్రికలు లెక్కపెట్టుకుని అచ్చు వేస్తాయి, ఇలాంటి ప్రత్యేక సంచిక మాత్రం ఎప్పుడూ కొనని వాళ్లు కూడా కొంటారు.

ఇక అంకె మాటకు వద్దాం. నెలకొకటి వచ్చే పత్రికకు 300 సంచికలంటే 25 ఏళ్లు. ఏడాదికి ఎనిమిదే వచ్చే పత్రికకైతే ముప్పై ఏడున్నర ఏళ్లు. 1934 జనవరిలో మిల్వాకీలో ఆల్ కాల్మ్‌బాక్ మొదలుపెట్టిన 'మోడల్ రైల్‌రోడర్' లాంటి పెద్ద పత్రికకు వెనుక ఒక సంస్థ, జీతాలు తీసుకునే సిబ్బంది ఉంటారు. మీరు చెబుతున్న లాంటి చిన్న పత్రికను ఇద్దరు ముగ్గురు నడుపుతారు. వ్యాసాలు రాసేది, లేఅవుట్లు (పట్టాలు, స్టేషన్, చుట్టూ దృశ్యం అన్నీ ఉన్న చిన్న రైల్వేలు) కట్టేది, కొలతలు తీసి గీతలు గీసేది అంతా పాఠకులే. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట బల్ల దగ్గర కూర్చుని, పట్టాల కింద ఉండే ఒక్కో స్లీపర్ అంటించి, రైలు దారి మారే ఒక్కో పాయింటు సోల్డరింగ్ చేసి, చివరికి ఫొటో తీసి పంపేవాళ్లు. అందుకే ఆ అంకెను పత్రిక వయసుగా ఎవరూ చూడరు. అది మనమంతా కలిసి చేసిన పని లెక్క. బ్రిటన్‌లో 'మోడల్ రైల్వే జర్నల్' 1985లో తన మొదటి సంచికకు 0 అని అంకె వేసింది. అంటే అక్కడ 300 అని అంకె పడే సంచిక నిజానికి 301వది. ఇలాంటి లెక్కలు గుర్తుపెట్టుకుని మాట్లాడుకునే జనం మనవాళ్లు, అది నాకు చాలా ఇష్టం.

ఇంకో కారణం ఉంది, నా మటుకు అదే అసలు కారణం. లేఅవుట్లు నిలవవు. ఇల్లు మారితే విప్పేస్తారు, మనిషి పోతే ముక్కలై అమ్ముడుపోతాయి. అమెరికాలో మాంటెరీలో జాన్ అలెన్ కట్టిన 'గోరీ అండ్ డిఫీటెడ్' మోడల్ రైల్వే సంగతే చూడండి. లోతైన లోయల మీద వంతెనలు, పాతబడిన ఇంజిన్లు, మసి పట్టిన షెడ్లు, చాలావరకు ఆయన చేతులతో చేసినవే. 1973 జనవరిలో ఆయన చనిపోయారు. కొద్ది రోజులకే ఆ ఇంట్లో మంటలు రేగి లేఅవుట్ దాదాపు అంతా కాలిపోయింది. ఈ రోజు దాన్ని మనం చూస్తున్నది ఆయన తీసిన ఫొటోల్లో, పత్రికల పేజీల్లో. బ్రిటన్‌లో జాన్ అహెర్న్ కట్టిన 'మ్యాడర్ వ్యాలీ' రైల్వేకు ఆ గతి పట్టలేదు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. కానీ అలాంటి అదృష్టం వందలో ఒక్క లేఅవుట్‌కైనా దక్కదు. మిగతావాటికి పత్రికే మ్యూజియం. 300వ సంచిక వస్తోందంటే ఆ మ్యూజియం తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయని అర్థం, అందుకే అది రాకపోతే గుండెల్లో గుబులు పుడుతుంది.

నా సంగతి చెబుతాను. 200వ సంచిక ప్రకటన వచ్చినప్పుడు, మొదటి సంచికల్లో వచ్చిన ఒక చిన్న బ్రాంచ్ లైన్ లేఅవుట్‌ను మళ్లీ చూపిస్తామని రాశారు. నేను ఈ అభిరుచిలోకి వచ్చిందే ఆ లేఅవుట్ ఫొటో చూసి. ఒక ప్లాట్‌ఫారం, ఒక గూడ్స్ షెడ్, వెనుక చెట్ల వరుస, అంతే. దాన్ని కట్టినాయన పదిహేనేళ్ల తర్వాత దాన్ని ఏం చేశాడో తెలుస్తుందన్న ఆశతో మొదటి నెల ఆగాను. రెండో నెల ప్రతి రోజూ టపా చూశాను. మూడో నెలలో నాకు కోపం వచ్చింది, సంపాదకుడికి కొంచెం కటువుగానే ఉత్తరం రాశాను. ఆయన రెండే వాక్యాల్లో జవాబిచ్చారు: ఆ లేఅవుట్‌కు సంబంధించిన ట్రాక్ ప్లాన్ (పట్టాలు ఎక్కడెక్కడ ఉంటాయో కొలతలతో చూపే పటం) సరిగ్గా లేదు, సరిచేయకుండా అచ్చు వేయలేను. ఆ మాటతో నా కోపం పోయింది, కానీ ఆ రోజు దాని బరువు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

అర్థమైంది నేను వ్యాసం పంపినప్పుడు. నాది చిన్న గూడ్స్ యార్డు. నాలుగు పేజీల రాత, పన్నెండు ఫొటోలు, ఒక ట్రాక్ ప్లాన్ పంపాను. మూడు వారాలకు ప్లాన్ తిరిగొచ్చింది. నేను గీసిన పాయింటు పొడవు ఫొటోలో కనిపిస్తున్న పొడవుతో కలవడం లేదని గుర్తు పెట్టి పంపారు. స్కేలు పెట్టి మళ్లీ కొలిస్తే నిజంగానే 40 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఎవరైనా నా ప్లాన్ చూసి చెక్క కోసుకుంటే చివరి వ్యాగన్ పాయింటు మీదే ఆగిపోయేది. మళ్లీ గీసి పంపాను. తర్వాత ఫొటోల్లో రెండు బాగా రాలేదన్నారు, వెలుతురు సరిచేసుకుని మళ్లీ తీశాను. మొత్తం మీద పంపిన రోజు నుంచి అచ్చయిన రోజు వరకు 14 నెలలు పట్టింది. మామూలు సంచికలో నాలాంటి వ్యాసం సిద్ధం కాకపోతే దాని బదులు ఇంకొకటి పెడతారు. ప్రత్యేక సంచికలో అలా కుదరదు. ఫలానా లేఅవుట్ ఉంటుందని మాట ఇచ్చేశారు కదా, అది పూర్తయ్యేదాకా మిగతా పేజీలన్నీ కాచుకుని ఉంటాయి. పేజీలు కూడా ఎక్కువ, రాసేవాళ్లు కూడా తమ జీవితంలో చేసిన మంచి పనే ఇవ్వాలనుకుంటారు కాబట్టి గడువులు జరుగుతూ పోతాయి. రెండు నెలలంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు.

చివరికి ఆ 200వ సంచిక వచ్చింది. సంబరాల పేజీలు, అభినందనల ఉత్తరాలు ఉన్నాయి కానీ వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నేను ఎదురుచూసిన లేఅవుట్ మాత్రం నన్ను కట్టిపడేసింది. దాన్ని కట్టినాయన పట్టాలన్నీ పీకేసి కొత్తగా వేశాడు. ఎందుకో చెప్పాలి. ఆ లేఅవుట్ ఓఓ స్కేలుది. అంటే అసలు రైలులో ఒక అడుగు మోడల్‌లో 4 మిల్లీమీటర్లు, దాదాపు 1:76. అసలు రైలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మోడల్‌లో పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ ఓఓ రైళ్లు నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద. ఆ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా పక్క నుంచి చూస్తే తెలియదు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం ఇంజిన్ సన్నటి కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది. ఆయన ఆ తేడా తీసేయడానికి ఆరేళ్లు పెట్టాడు. ప్రతి ఇంజిన్ చక్రాలు మార్చాడు, ప్రతి పాయింటూ చేత్తో కట్టాడు. పాత ఫొటో, కొత్త ఫొటో ఒకే కోణంలో పక్కపక్కన వేశారు. ఆ రెండు ఫొటోల మధ్య నా కళ్లు ఎన్నిసార్లు తిరిగాయో! ట్రాక్ ప్లాన్ కూడా ఉంది, అంగుళం తేడా లేకుండా. నేను కటువుగా ఉత్తరం రాసింది ఆ ప్లాన్ ఆలస్యమైందనే. సంపాదకుడికి క్షమాపణ చెబుతూ ఇంకో ఉత్తరం రాశాను.

ఆగిపోతుందన్న పుకారు మాట. 200వ సంచిక అప్పుడూ ఇదే పుకారు వచ్చింది, పత్రిక ఆ తర్వాత కూడా నడిచింది. నేను ఇష్టంగా చదివిన ఇంకో చిన్న పత్రిక మాత్రం ఏ ప్రకటనా లేకుండా 61వ సంచికతో ఆగింది. గుండ్రటి అంకె దగ్గర ఆగాలని ఎవరూ ప్లాన్ వేసుకోరు. రాసేవాళ్లు తగ్గినప్పుడు, నడిపేవాళ్లు అలసిపోయినప్పుడు ఆగుతాయి. మీకు నిజంగా భయంగా ఉంటే ఒక పని చేయండి, మీ లేఅవుట్ గురించి రెండు పేజీలు రాసి పంపండి. నాలుగేళ్లుగా చదువుతున్నారంటే ఏదో ఒకటి కట్టే ఉంటారు. గొప్పదే అవ్వాల్సిన పనిలేదు. వ్యాగన్‌కు పాత రంగు ఎలా తెచ్చారో రాసినా చాలు, అలాంటివే సంపాదకులకు అరుదుగా వస్తాయి.

ఇంకా ఏదీ కట్టలేదంటే ఈ ఎదురుచూపులోనే అలన్ రైట్ అనే మోడలర్ ఆలోచించిన 'ఇంగిల్‌నుక్ సైడింగ్స్' అనే వ్యాగన్ల పజిల్ పద్ధతిలో ఒకటి మొదలుపెట్టండి. ఒక పలక మీద రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు) చాలు. పొడవైన దానిలో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఎదుటి వైపు ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకు చోటుండాలి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు పెట్టి, చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే ఐదింటితో ఒక రైలు కూర్చాలి. అలాంటి వరుసలు 6,720 ఉంటాయి, కాబట్టి విసుగు రాదు. నా గూడ్స్ యార్డు కూడా ఇలాగే మొదలైంది, 200వ సంచిక రాని ఆ మూడో నెలలో. ఇప్పటికీ పనయ్యాక పావుగంట దాని దగ్గర కూర్చుంటాను.

సంచిక చేతికి వచ్చాక ఒక జాగ్రత్త. మధ్యలో కుట్టిన ఇనుప పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, తేమ తగలని చోట నిలబెట్టి ఉంచండి. గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో మాత్రం పెట్టకండి, నిగనిగలాడే కాగితం కదా, తేమకు పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నా 200వ సంచికను పనిబల్ల పక్కనే ఉంచుతాను. ట్రాక్ ప్లాన్ ఉన్న పేజీ అంచున జిగురు మరక పడింది, పాయింట్ల పక్కన నా పెన్సిల్ కొలతలు ఉన్నాయి. మీ 300వ సంచికలో ట్రాక్ ప్లాన్ ఏది వచ్చిందో ఇక్కడ తప్పకుండా రాయండి, నేను కూడా దాని కోసమే చూస్తున్నాను.