పదహారు బార్లు లెక్కపెట్టాకే ర్యాంకు

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ,

బెజవాడ నుంచి నువ్వు పంపిన "ఆల్‌టైమ్ యాభై మంది ర్యాపర్లు" జాబితా చదివాను. ఇష్టం కనపడింది, కొలబద్ద కనపడలేదు. ఎమినెమ్ మూడు, రకీమ్ పదిహేడు. ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. కారణం చెప్పని ర్యాంకు మీద ఎవడైనా కయ్యానికి వస్తాడు, వాదనకి మాత్రం రాలేడు.

కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు గొప్పా, వినుకొండలో పుట్టిన జాషువా గొప్పా అని మన ఊళ్లో అడిగి చూడు. టీ చల్లారుతుంది గానీ తేలదు. అదే "సీసం ఎవరి చేతిలో ఎలా నడిచింది?" అని అడిగితే రెండు పద్యాలు పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. ర్యాప్‌లో ఆ సీసం లాంటిది పదహారు బార్ల వర్స్. వర్స్ అంటే పాటలో ర్యాపర్ ఏకబిగిన చెప్పే చరణం, బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం. బార్‌కి 4 బీట్లు (దెబ్బలు), మొత్తం 64. నిమిషానికి 90 బీట్ల పాటలో అది దాదాపు 43 సెకన్లు. ఏ కాలం వాడైనా ఆ కొలతలో ఏం చేశాడన్నదే నువ్వు చూడాల్సింది.

కాగితం మీద నాలుగు నిలువు గళ్లు గియ్యి. ఒక్కో బార్‌కి ఒక్కో అడ్డవరుస. బల్ల మీద వేలితో కొడుతూ, ఏ మాట ఏ బీటు మీద పడిందో ఆ గడిలో రాయి. చివరి ప్రాసకి ఎర్ర పెన్ను, లోపలి ప్రాసకి నీలం, ఊపిరి తీసిన చోట చిన్న గీత. ఒక వర్స్‌కి గంట పట్టినా కంగారుపడకు. లిరిక్స్ నెట్‌లోంచి దించుకుని గళ్లు నింపావో, పని చెడినట్టే. అక్కడ లైన్లు చాలాసార్లు బార్ల ప్రకారం విరగవు, మాటలూ తప్పులుంటాయి. చెవితో విని రాయి.

1982లో వచ్చిన 'ద మెసేజ్' పాటలో ర్యాపర్ మెల్లీ మెల్ గొంతుని ఇలా గళ్లలో పెడితే ఎరుపు ఎక్కువగా నాలుగో గడిలోనే కనపడుతుంది. తెలుగులో చెప్పాలంటే ఈ నడక:

బెజవాడ ఎండ, నెత్తిన మంట
బస్టాండు కాడ పొద్దున్నే తంటా

1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బంతో రకీమ్ వచ్చేసరికి నీలం అన్ని గళ్లలోకీ పాకుతుంది, వాక్యం బార్ గీత దాటి పక్క వరుసలోకి దూకుతుంది:

ఎండలో బండలా మండిన గుండెతో నుంచుంటే బందరు
రోడ్డంతా నన్నే చూస్తోంది

ఎండ, బండ, మండి, గుండె. మన ప్రాస రెండో అక్షరం మీదే కాబట్టి తెలుగు చెవికి ఈ తేడా ఇట్టే పడుతుంది. రకీమ్ శాక్సఫోన్ వాయించినవాడు. ఆ ఊపిరి పట్టు నీ చిన్న గీతల్లో కనపడుతుంది. ఇవాళ విన్నవాడికి ఇదంతా మామూలుగా అనిపించడమే అసలు చిక్కు. తర్వాతి వాళ్లందరూ ఆ దారే తొక్కారు, అందుకే అది మామూలైంది. కాబట్టి ప్రతి పేరు కింద, అతను రాకముందు ఏడాది ర్యాప్ ఎలా ఉందో రెండు వాక్యాలు రాయి. అది రాస్తే నీ పదిహేడు పదిహేడుగా ఉండదనుకుంటా.

ఊపిరి విషయంలో ఇంకో జాగ్రత్త. ఇప్పుడు కంప్యూటర్‌లో లైను లైనుగా రికార్డు చేసి అతికించడం తేలిక. స్టూడియో పాట విని "ఏం దమ్మురా వీడిది" అనకు. లైవ్ రికార్డింగు కూడా వెతికి విను.

ఇక అమ్మకాలు. మిర్చి యార్డులో ముందు తాలు ఏరినట్టు వీటిని పక్కన పడెయ్యి. అమెరికాలో రెండు డిస్కుల ఆల్బం నిడివి వంద నిమిషాలు దాటితే ఒక్కటి అమ్మినా అమ్మకాల సర్టిఫికెట్ లెక్కలో రెండు. 2016 నుంచి ఆల్బం సర్టిఫికెట్‌కి 1,500 స్ట్రీములు (నెట్‌లో పాట విన్న సార్లు) ఒక ఆల్బంతో సమానం. ఆ అంకెలన్నీ ఒకే పట్టికలో పెట్టి కూడితే ఎకరాలూ బస్తాలూ కలిపి కూడినట్టే.

నోటోరియస్ బి.ఐ.జి. బతికుండగా వచ్చిన సోలో ఆల్బం ఒక్కటే, 1994లో. రెండోది 1997 మార్చిలో, చనిపోయిన 16 రోజులకి. జే-జీ 1996లో మొదలుపెట్టి 2017లో కూడా సోలో ఆల్బం ఇచ్చాడు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టాలంటే మొదటి అయిదేళ్లకి ఒక మార్కు, మొత్తం ప్రయాణానికి ఇంకో మార్కు వెయ్యి. రెండూ కలిపి సగటు తీయొద్దు, విడివిడిగా అచ్చెయ్యి. చచ్చిపోయినవాడికి జాలి మార్కులు కలపడం ఈ జాబితాల్లో పాత జబ్బు.

కెండ్రిక్ లమార్‌కి 'డామ్' ఆల్బంకి 2018లో అమెరికా వాళ్ల పులిట్జర్ బహుమతి వచ్చింది గనక పైన పెట్టానన్నావు. బహుమతి వచ్చిందని రాయి, దాన్ని కారణంగా చూపకు. 'డామ్'లో ఏ వర్స్‌కి ఎన్ని నీలం గుర్తులు పడ్డాయో చూపించు.

ర్యాప్ చేస్తూ పాటలూ పాడే లారిన్ హిల్ నీ యాభైలో ఎందుకు లేదు? పాడింది కాబట్టి ర్యాపర్ కాదనా? అయితే ఆ నియమం మొదటి పేజీలోనే రాసి, పాడే మగవాళ్లనీ తీసెయ్యి. వేరేవాళ్లతో రాయించుకున్న వర్స్‌లకి మార్కులుంటాయా ఉండవా అన్నదీ అక్కడే తేల్చు.

యాభై వద్దు, పది చాలు. ఒక్కో పేరుకి ఒక్క వర్స్, పాటలో ఎన్నో నిమిషంలో మొదలవుతుందో పక్కనే రాయి. గుంటూరు వచ్చేటప్పుడు ఆ గళ్ల కాగితాలు పట్టుకురా. నీ రంగుల కాగితం మీద నా రంగులు కూడా వేస్తాను, రెండింటికీ ఎక్కడ తేడా వస్తుందో చూద్దాం.

ఇట్లు,
నీ అన్న