వీఆర్‌కు పంపితే శిక్ష పడినట్టేనా?

ప్రశ్న: సెల్‌ఫోన్ పోయిందన్న అనుమానంతో మా తమ్ముణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లి రెండు రాత్రులు ఉంచారు. ఒప్పుకోమని లాఠీతో కొట్టి, చివరికి ఏ కేసూ లేకుండా పంపేశారు. మేం గొడవ చేస్తే ఎస్సైని వీఆర్‌కు పంపారు. ‘శిక్ష పడింది కదా, వదిలెయ్యండి’ అంటున్నారు పెద్దమనుషులు. క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పెట్టొచ్చమ్మా, పెట్టాలి కూడా. వీఆర్ అంటే పోస్టింగ్ ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టడం. అది శిక్ష కాదు. ఆ మాటకొస్తే సస్పెన్షన్ కూడా శిక్ష కాదు, జీవనభృతి వస్తూనే ఉంటుంది. చార్జ్ మెమో ఇచ్చి, విచారణ జరిపి, ఇంక్రిమెంట్లు ఆపితేనో, హోదా తగ్గిస్తేనో, డిస్మిస్ చేస్తేనో శాఖ శిక్షించినట్టు. అయినా శాఖ తేల్చేది యూనిఫాంకు పనికొస్తాడా లేదా అన్నది మాత్రమే. నేరం చేశాడా లేదా అన్నది కోర్టు తేల్చాలి. రెండూ ఒకేసారి నడవొచ్చు. ఒకే తప్పుకు రెండు శిక్షలా అనే వాదన ఇక్కడ చెల్లదు.

డైరీ ఆలస్యంగా రాశారు, దురుసుగా మాట్లాడారు అంటే శాఖాపరమైన చర్య సరిపోతుంది. నేరం ఒప్పించడానికి మనిషిని కొట్టడాన్ని ఆ గాటన కట్టకూడదు.

ఫిర్యాదులో ఒక్క మాట మరవకండి. ఊరికే ‘కొట్టారు’ అని రాస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, అంటే ఇప్పటి నేరశిక్షా చట్టం) 115(2) కింద మామూలు గాయం అవుతుంది. అందులో మేజిస్ట్రేటు ఆదేశం లేనిదే దర్యాప్తు మొదలవదు, పైగా రాజీకి వీలుంది. ‘దొంగతనం ఒప్పుకోమంటూ కొట్టారు’ అని రాస్తే 120(1) వర్తిస్తుంది. దానికి ఏడేళ్ల దాకా జైలు, రాజీకి వీల్లేదు. ఎముక విరిగితే 120(2), పదేళ్ల దాకా. 24 గంటలు దాటి నిర్బంధించిన సంగతి తేదీలు, వేళలతో విడిగా రాయండి.

ఒంటి మీది సాక్ష్యం ఎక్కువ రోజులు నిలవదు. లాఠీ దెబ్బ రైలుపట్టాల్లా రెండు సమాంతర గీతలుగా కములుతుంది, మధ్య చర్మం పాలిపోయి ఉంటుంది. వారం గడిస్తే ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరిగి, రెండు వారాల్లో దాదాపు మాసిపోతుంది. అందుకే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు, కోర్టు పనికొచ్చే గాయాల నమోదు) రాయించండి. ‘కింద పడ్డాడు’ అని రాయనివ్వొద్దు, ఎవరు దేంతో కొట్టారో చెప్పండి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా కనబడదు, నడిస్తే నొప్పి పుడుతోందని డాక్టరుకు తప్పక చెప్పాలి.

స్టేషన్ సీసీ కెమెరాల రికార్డును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘కెమెరా పనిచేయలేదు’ అనే జవాబు రాకముందే, ఆ రెండు రోజుల రికార్డు భద్రపరచమని ఎస్పీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173(4) కింద ఎస్పీకి ఫిర్యాదు పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. ఆయన పై అధికారి నివేదిక తెప్పించుకుని, ఎస్సై వాదన కూడా చూసి దర్యాప్తుకు ఆదేశిస్తారు. చాలా కేసులు ఇక్కడే నీరుగారుతాయి. అదే చట్టం 218వ సెక్షన్ కింద, ఉద్యోగిపై కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి లేదని అడ్డుపడతారు. రికార్డుల్లో లేకుండా ఉంచి కొట్టడం విధి నిర్వహణ కిందికి రాదని మీ వకీలు గట్టిగా వాదించాలి. అనుమతి అవసరమే అన్నా, కోరిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క.

మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. ఈలోగా పెద్దమనుషులు తెచ్చే ఏ కాగితం మీదా తమ్ముణ్ణి సంతకం పెట్టనివ్వకండి.