ఆరు లేసుల సెట్టు 150కి అమ్మొద్దు తల్లీ

చిట్టితల్లికి పెద్దత్త ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. చెన్నై పెరంబూరులో మీ తొమ్మిదిమంది కలిసి ఇన్ని లేసులు అల్లారంటే ఎంత సంతోషంగా ఉందో! నవరాత్రుల ముందు మైలాపూర్‌లో స్టాల్ పెట్టడం మంచి ఆలోచన. ఉత్తర మాడవీధిలో కొలువు బొమ్మలు కొనడానికి వచ్చేవాళ్లు, పేరంటాళ్లకు ఇవ్వడానికి చిన్న చిన్న వస్తువులు కూడా వెతుక్కుంటారు. కాబట్టి తాంబూలం సంచులు, చిన్న పర్సులు ఎక్కువ పెట్టండి. పెద్ద టేబుల్ క్లాత్‌లు రెండు చాలు.

ధరల కాగితం చూశాక మాత్రం మనసు చివుక్కుమంది. టీ కప్పుల కింద వేసే ఆరు లేసులు 150 రూపాయలా? నువ్వే లెక్క వెయ్యి. ఒక్కోటి అల్లడానికి గంట. గంటకు 60 రూపాయలే వేసుకున్నా 360. దారానికి 40, డబ్బాకూ స్టాల్ అద్దెకూ మరో 40. మొత్తం 440. అంతకు తగ్గితే ఆ తేడా మీ కళ్ల నుంచి, మెడనొప్పి నుంచి పోతున్నట్టే.

"ఖాళీ టైంలో అల్లినవే కదా అత్తా" అన్నావు ఫోన్‌లో. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. మన నరసాపురంలో నేను పెళ్లికి ముందు దారం కండెల లెక్కన కూలికి అల్లాను. పొయ్యి దగ్గర పని అయ్యాక దీపం వెలుగులో కూర్చుని అల్లినా, దాన్ని కాలక్షేపం అనేవాళ్లు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మన లేసు ఆడవాళ్ల గురించి 1982లో పుస్తకం వేసింది. ఇల్లాళ్లు తీరిక వేళల్లో చేసేదని పేరు పెట్టడం వల్లే వాళ్ల కష్టం కష్టంగా లెక్కకు రాలేదని, కూలి అంత తక్కువగా ఉందని చెప్పింది. చదివించుకుని విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇంకోటి. 2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది. అది ఆ ప్రాంతంలో అల్లినవాటికి. మీరు పెరంబూరులో అల్లినవాటికి ఆ పేరు తగిలించకండి. "మా అత్త నేర్పిన అల్లిక" అని చెప్పండి, అది నిజం.

బేరాలు వస్తాయి. "కమ్మి పణ్ణుంగ" (తగ్గించండి) అని తమిళంలో అనగానే మొహమాటపడి తగ్గించకు. దారం చూపించు, ఎన్ని గంటలు పట్టిందో చెప్పు, లేసును చేతికిచ్చి వెనకవైపు తిప్పి చూడమను. ముడులు, దారం కొసలు కనపడకుండా దాచిన పని చూస్తే చాలామంది ఇక మాట్లాడరు. నిజంగా డబ్బు తక్కువున్నవాళ్లకు చిన్నవి, 50 రూపాయలవి వేరే పెట్టు.

తెల్ల లేసులు ముదురు రంగు గుడ్డ మీద పరిస్తేనే అల్లిక తెలుస్తుంది. ముందురోజు పల్చటి గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి నీడలో ఆరబెట్టండి. చెన్నై తేమకి సరిగా ఆరకుండా మడిస్తే ముక్కిన వాసన వస్తుంది.

డబ్బు ఒకే ఫోన్‌కు వచ్చినా, ఎవరి వస్తువు ఎంతకు పోయిందో అప్పటికప్పుడు నోటుబుక్కులో రాయండి. సాయంత్రం అందరి ముందూ చదివి పంచండి. మా రోజుల్లో ఒక దుకాణం "అమ్మాక ఇస్తాం" అని సరుకు తీసుకుని ఆరునెలలు తిప్పింది. రాసిన కాగితం లేదు కాబట్టి సగం డబ్బు పోయింది, దానికి తోడు మాలో మాకే అనుమానాలు.

స్టాల్లో ఎప్పుడూ ఒకరు కూర్చుని అల్లుతూ ఉండాలి. సూది కదులుతుంటే నడిచేవాళ్లు ఆగుతారు. శనివారం పొద్దున నేను వస్తాను, వీపుకి ఆనుకునే కుర్చీ ఒకటి వేసి ఉంచు. దారం 40 నంబరుది తెచ్చిపెట్టు, సూది నాదే తెచ్చుకుంటాను.

మీ పెద్దత్త