కెనడా ఉత్తరాన ఉన్న గనులకు కరెంటు లైన్ ఎందుకు వేయరు? అంత ఖాళీ స్థలంలో సోలార్ పెడితే సరిపోదా?

కెనడా వాయవ్య ప్రాంతాల రాజధాని యెల్లోనైఫ్‌కి పైన ఒక వజ్రాల గనిలో పవర్ హౌస్ ఎలక్ట్రీషియన్‌గా కొన్నేళ్లు పనిచేశాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. ముందు ఒక సంగతి: అక్కడ కరెంటు కంటే వేడి ముఖ్యం. ఇది పట్టించుకోకుండా వేసిన లెక్క ఏదైనా తప్పే అవుతుంది.

మాది పాల్వంచ, కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) పొగగొట్టాలు చూస్తూ పెరిగాను. మన దగ్గర ఒక యూనిట్ ట్రిప్పయితే గ్రిడ్‌లో ఇంకోచోటి నుంచి కరెంటు వస్తుంది. అక్కడ గ్రిడ్ అంటే గని షెడ్డులో ఉన్న డీజిల్ జనరేటర్లే. బయట మైనస్ 40 ఉన్నప్పుడు అవి ఆగిపోతే చీకటి సంగతి తర్వాత, నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి, వందల మంది ఉండే క్యాంపులో మనిషి నిలవలేడు. ఇంజిన్లను చల్లబరిచే నీటి నుంచి, పొగ నుంచి వేడి లాగి, గ్లైకాల్ (చలికి గడ్డకట్టని ద్రవం) ద్వారా బిల్డింగులన్నిటికీ తిప్పుతారు. డ్యూటీలో మెగావాట్లు ఎంత చూసేవాళ్లమో, తిరిగొచ్చే గ్లైకాల్ టెంపరేచర్ కూడా అంతే చూసేవాళ్లం. అది పడిపోతుంటే అసలు టెన్షన్.

ఇక డీజిల్. యెల్లోనైఫ్ దగ్గర్లోని టిబిట్ సరస్సు నుంచి గనుల దాకా ఏటా మంచు రోడ్డు వేస్తారు, 1982 నుంచి ఇదే పద్ధతి. అందులో ఎక్కువ భాగం గడ్డకట్టిన సరస్సుల మీదే. ఫిబ్రవరి మొదట్లో తెరిస్తే మార్చి చివరికల్లా దాదాపు అయిపోతుంది, ఏడాదికి సరిపడా డీజిలంతా ఆ రెండు నెలల్లోనే ట్యాంకుల్లోకి చేరాలి. లోడుతో ఉన్న ట్యాంకర్ సరస్సు మీద గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, ఎందుకంటే బండి బరువుకి మంచు కిందికి వంగి అడుగున నీళ్లలో అల లేస్తుంది, వేగం పెరిగితే ఆ అల ఒడ్డు దగ్గర మంచుని పగలగొడుతుంది. 2006లో చలి సరిగా పడక రోడ్డు ముందే మూసేస్తే, మిగిలిన సరుకు విమానాల్లో తెచ్చుకోవాల్సొచ్చింది. ఆ ఖర్చు ఊహించుకోండి.

సోలార్, గాలిమరలు రెండూ పెట్టారు, పెట్టలేదని కాదు. అక్కడి డయావిక్ వజ్రాల గని 2012లో 4 గాలిమరలు పెట్టింది, మొత్తం 9.2 మెగావాట్లు, రెక్కలకు మంచు పేరుకోకుండా వేడిచేసే ఏర్పాటు కూడా ఉంది. 2024లో 3.5 మెగావాట్ల సోలార్ కలిపారు. వసంతంలో నేల మీద మంచు నుంచి తిరిగొచ్చే వెలుతురు కూడా పలకలకు కలిసొస్తుంది. కానీ డిసెంబరులో, అంటే కరెంటు వాడకం బాగా ఉండే రోజుల్లో, సూర్యుడు కనిపించేది నాలుగైదు గంటలే, అదీ దిగంతం అంచునే. గాలి ఎప్పుడు పడిపోతుందో తెలియదు కాబట్టి జనరేటర్లు తిరుగుతూనే ఉండాలి. డీజిల్ వాడకం తగ్గుతుంది, అంతకుమించి ఆశించకండి.

లైన్ విషయానికొస్తే, వందల కిలోమీటర్లు రాతినేల, సరస్సులు దాటించి లైన్ లాగితే చివర వాడుకునేది ఒకటో రెండో గనులు, వాటి ఆయుష్షు చూస్తే ఇరవై ఏళ్ల చిల్లర. డయావిక్‌నే తీసుకోండి, 2003లో మొదలై 2026కి వజ్రాలు తీయడం ఆపేసేలా ప్లాన్ వేసుకుంది. అయినా లైన్లు, ఆనకట్టలు కట్టాలనే నేనంటాను, కాకపోతే గని కోసం కాదు, ఊళ్ల కోసం. అదే వాయవ్య ప్రాంతాల్లో టాల్ట్‌సన్ నది మీద జలవిద్యుత్ కేంద్రాన్ని 1960ల్లో పైన్ పాయింట్ సీసం, జింకు గని కోసం కట్టారు. గని 1980ల్లో మూతపడింది, గని ఊరిని కూడా ఖాళీ చేసేశారు, కానీ ఆ కరెంటుతోనే ఇప్పటికీ ఫోర్ట్ స్మిత్, హే రివర్ లాంటి ఊళ్లు నడుస్తున్నాయి. అదే పక్కనున్న ఇంకో ఉత్తర ప్రాంతం నూనవుట్‌లో 25 ఊళ్లుంటే అన్నిటికీ వేర్వేరు డీజిల్ పవర్ హౌసులే, ఒకదానికొకటి లైన్ లేదు, ఆయిల్ వేసవిలో ఓడల్లో రావాలి. గని మూసేస్తే మేమందరం విమానమెక్కి వచ్చేస్తాం, ఆ ఊళ్ల వాళ్లు ఎక్కడికీ పోరు. కాబట్టి గనికి అనుమతి ఇచ్చేటప్పుడే, మూతపడ్డాక దాని గాలిమరలు, పలకలు ఏ ఊరికి వెళ్లాలో కాగితం మీద రాయించుకోవాలి.