పానగల్లుకు వచ్చినవారు ఒక పూట నిలవాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

నల్లగొండకు యాత్రికులను రప్పించే పనిని మీ యువజన సంఘం చేపట్టిందని, ముందుగా పట్టణం పక్కనే ఉన్న పానగల్లు గుడుల దగ్గర స్వాగత తోరణం, రంగుదీపాలు ఏర్పాటు చేయాలనుకుంటున్నారని నీ ఉత్తరం ద్వారా తెలిసి సంతోషించాను. ఆ గుడులను చాలా ఏళ్లు పిల్లలకు, అతిథులకు తిప్పి చూపించినవాడిగా నాకు తోచిన మాట రాస్తున్నాను. తోరణం సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వచ్చినవారిని ఒక పూట మన ఊళ్లో నిలిపే ఏర్పాటు మీద మనసు పెట్టండి.

హైదరాబాదు నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చే కుటుంబాలను ఒక ఆదివారం నిలబడి గమనించు. గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే నీడను చూస్తారు, దండం పెట్టుకుంటారు, ఫొటో తీసుకుంటారు, కారెక్కుతారు. సుమారు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చినవారు అంత త్వరగా వెళ్లిపోవడానికి కారణం, వారికి చెప్పే మనిషి అక్కడ లేకపోవడమే. ఆ నీడ మండపంలోని స్తంభాల అమరిక వల్ల, పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడుతుందని, అందుకే సూర్యుడు జరిగినా అది జరగదని ఎవరైనా వివరిస్తే పిల్లలు కదలరు. మన వడ్రంగులతో గుడి నమూనా ఒకటి చెక్కతో చేయించి, టార్చిలైటుతో ఆ నీడను పుట్టించి చూపించండి. తోరణానికి అయ్యే ఖర్చులో అది ఏ మూలకూ రాదు. మండపం లోపల మాత్రం విద్యుద్దీపాలు బిగించవద్దు. బయటి వెలుతురుతో ఏర్పడే నీడ లోపలి దీపం కాంతికి పలచబడిపోతుంది, జనం దేనికోసం వస్తున్నారో దానినే మనం చేజేతులా చెరిపినవాళ్లమవుతాం.

గుడి నుంచి వారిని ఉదయ సముద్రం కట్ట మీదికి తీసుకువెళ్లండి. పానగల్లు రాజధానిగా పాలించిన కుందూరు చోడుల కాలపు చెరువు అది, ఉదయ చోడుని పేరు మీద వెలసింది. కృష్ణా నీళ్లు నిల్వ చేసే జలాశయంగా నేటికీ మన జిల్లాకు ఉపయోగపడుతున్నది. గుడి కట్టించిన పాలకులే చెరువు తవ్వించారన్న సంగతి ఆ కట్ట మీద నిలబడి వింటే మనసులో నాటుకుంటుంది. తరువాత పచ్చల సోమేశ్వరాలయం, అక్కడి రామాయణ, భారత శిల్పాలు, పక్కనే ఉన్న మ్యూజియం చూస్తే పూట గడిచిపోతుంది. తీరిక ఉన్నవారికి నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం గురించి తప్పక చెప్పండి. రుద్రమదేవి మరణాన్ని తెలిపే ఆ శాసనం 1289 నాటిది, పువ్వుల ముమ్మడి వేయించినది. ఇంతటి రాయి మన జిల్లాలో ఉండి కూడా మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం నన్ను బాధిస్తుంది.

అందువల్ల మీ మొదటి ఖర్చు మనుషుల మీద పెట్టండి. పానగల్లులోనే చదువుకున్న అమ్మాయిలను, అబ్బాయిలను కొందరిని ఎంపిక చేసి, శాసనాలు చదవగలిగిన అధ్యాపకుల దగ్గర తర్ఫీదు ఇప్పించి, రోజుకింత అని భత్యం ఇవ్వండి. స్థలపురాణాన్ని స్థలపురాణంగా, చరిత్రను చరిత్రగా విడివిడిగా చెప్పడం వారికి నేర్పాలి. పూజల వేళల్లో గర్భగుడి ముందు గుంపు నిలబడకుండా అర్చకులతో ముందే మాట్లాడుకోవాలి.

మరుగుదొడ్లు, తాగునీరు, రైల్వే స్టేషను నుంచి పానగల్లుకు ఆటో ధర రాసిన బోర్డు, ఈ మూడూ లేకుండా ప్రచారం మొదలుపెట్టవద్దు. ముఖ్యంగా శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోటికి ఆడవాళ్లు రెండోసారి రారు, వారు రాకపోతే కుటుంబం రాదు. బత్తాయిలకు పేరుపడ్డ జిల్లా మనది కనుక, గుడి బయట కూల్‌డ్రింకుల బండ్ల స్థానంలో బత్తాయి రసం, జొన్నరొట్టెలు అమ్మే చోటు మహిళా సంఘాలకు ఇప్పించండి.

రాతిని ముట్టుకునే పని ఏదైనా, అది సున్నం వేయడమైనా, మేకు కొట్టడమైనా, పగులుకు సిమెంటు పూయడమైనా, వారసత్వ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా చేయవద్దు. ఉత్సాహంతో వేసిన ఎనామిల్ రంగుల కింద అక్షరాలు మూసుకుపోయిన శాసనాలను నేను చూశాను. ఆ రంగు తీయడం వేయడమంత సులువు కాదు, తీసేటప్పుడు అక్షరం కూడా అరిగిపోతుంది.

బోర్డులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషల్లో రాయించండి. వాటి మీద వేసే రాజుల పేర్లు, సంవత్సరాలు అచ్చుకు పోకముందే శాసన పాఠాలతో సరిచూడాలి కనుక, చిత్తుప్రతి సిద్ధం కాగానే నాకు పంపు. దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఇద్దరం పానగల్లు వెళ్లి, బోర్డులు రాతికి దూరంగా ఎక్కడ పాతాలో చూసుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు