పెళ్లి చట్టం మన అసెంబ్లీ చేతిలో లేదా?

ప్రశ్న: స్వలింగ జంటల పెళ్లిపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఇక ఏం జరిగినా ఢిల్లీలోనే జరగాలని మా కాలేజీలో అంటున్నారు. రాష్ట్రం చేయగలిగింది ఏమీ లేదా?
– లా విద్యార్థి, అమలాపురం

జవాబు: చాలా ఉంది. 2023 అక్టోబరు 17 నాటి తీర్పు పెళ్లిని ప్రాథమిక హక్కుగా గుర్తించలేదు, ఆ పని చట్టసభలదని వదిలేసింది. చట్టసభ అంటే పార్లమెంటు ఒక్కటే కాదు. పెళ్లి, విడాకులు, వీలునామా, వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితా ఐదో అంశంలో ఉన్నాయి, అంటే వాటిపై కేంద్రమూ, రాష్ట్రమూ చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టంతో పొసగని బిల్లు పెడితే 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది వస్తే రాష్ట్రంలో ఆ చట్టమే చెల్లుతుంది. తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షన్ చేర్చి, పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు చెల్లుబాటు ఇచ్చింది. అంత దూరం ఎందుకు? ఆంధ్రప్రదేశే 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. కేంద్రం ఆ దారికి వచ్చేసరికి 2005 అయింది. మీ ఎమ్మెల్యే ‘మా చేతుల్లో ఏముంది’ అంటే ఈ తేదీలు చూపించండి.

ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్లం, తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇంటిస్థలం, బ్యాంకు డబ్బు నా పేరనే ఉన్నాయి. నాకేమైనా అయితే ఆమెకు చేరతాయా?
– పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: వీలునామా లేకపోతే చేరవు. మీరు హిందువై, పెళ్లికాకుండా ఉంటే ఆస్తి తల్లిదండ్రులకు, వాళ్లు లేకుంటే తండ్రి వారసులకు పోతుంది.

బ్యాంకుతో మొదలుపెట్టండి. ఉమ్మడి ఖాతాకు గాని, భాగస్వామిని నామినీగా పెట్టడానికి గాని అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. కౌంటర్లో ‘రక్తసంబంధీకులే’ అంటే మేనేజరుకు ఆ మాట చెప్పండి. అయితే నామినీ డబ్బు చేతికి తీసుకునే మనిషే, హక్కుదారు కాదు. మీ అన్నదమ్ములు కోర్టుకెళితే నామినేషన్ ఒక్కటే ఆమెను కాపాడదు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకం చేయాలి. వయసు మళ్లిన పెద్దమనుషులను పెట్టకండి. తగాదా వస్తే బతికున్న సాక్షుల్లో ఒకరైనా కోర్టులో చెప్పాలి కదా, అందుకే మీకంటే చిన్నవాళ్లు, ఆస్తితో సంబంధం లేనివాళ్లు మేలు. సర్వే నంబరు, సెంట్లు, నాలుగు హద్దులు మీ దస్తావేజులో ఉన్నట్టే దించండి. పాత నమూనాలో పేర్లు మార్చేసి ఇచ్చే కాగితాలు ఇక్కడే చెడతాయి. ఆమెను ‘చెల్లెలు’ అని మాత్రం రాయించకండి. ఆ అబద్ధమే వీలునామా మీద అనుమానానికి తావిస్తుంది. ‘తొమ్మిదేళ్లుగా నాతో కలిసి ఉంటున్న’ అని ఉన్నదున్నట్టు రాసి, తోబుట్టువులకు ఎందుకు ఇవ్వడం లేదో ఒక వాక్యం చేర్చండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చేయించండి, సంతకం మీది కాదనే వాదన బలహీనపడుతుంది.

ప్రశ్న: రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. నాకు మగవాళ్లంటే ఇష్టమని తెలిసి మానేయమంటున్నారు. ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలి?
– పాఠకుడు, భీమవరం

జవాబు: ప్రభుత్వోద్యోగమైతే రాజ్యాంగం 15, 16 అధికరణాలు అడ్డుపడతాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం మూడో సెక్షన్ ప్రైవేటులోనూ రక్షణ ఇస్తుంది. లైంగిక దృక్పథం కారణంగా ప్రైవేటు యజమాని తీసేస్తే నేరుగా వర్తించే చట్టం లేదు. ఇది అన్యాయమైన ఖాళీ, రాష్ట్రం పూడ్చగలిగిన ఖాళీ కూడా. ప్రస్తుతానికి మీ పోరాటం అక్రమ తొలగింపు మీదే. రాజీనామా రాసివ్వకండి, రాసిస్తే ‘తనే మానేశాడు’ అంటారు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, హాజరు వివరాలు ఇంట్లో పెట్టుకోండి. తీసేస్తే కారణం కాగితం మీద అడిగి, ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.